వయసుతో చావని మందు

2013 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కు సిబ్బంది ఒక పాత ఫిరంగికి పట్టిన తుప్పు వదిలిస్తున్నారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలం నాటి ఫిరంగి అది. 1780లో ఈస్ట్ రివర్‌లో మునిగిపోయిన 'హుస్సార్' అనే బ్రిటిష్ యుద్ధనౌకదని చెబుతారు. చాలాకాలం జనం చూసేందుకు పార్కులో పెట్టారు, తర్వాత గిడ్డంగికి చేర్చారు. గొట్టం లోపల శుభ్రం చేస్తుంటే ఒక ఇనప గుండు, దాని వెనక ఉన్నిగుడ్డలో చుట్టిన నల్లటి పొడి బయటపడ్డాయి. పోలీసు బాంబు స్క్వాడ్ వచ్చి పరీక్షించింది. అది సుమారు 800 గ్రాముల తుపాకిమందు. ఇంకా మండే స్థితిలోనే ఉందని తేలింది.

అన్నేళ్లుగా ఆ ఫిరంగిని చూసినవాళ్లెవరికీ అందులో మందు దట్టించి ఉందన్న అనుమానం రాలేదు. పాతది కదా, ఎప్పుడో పాడైపోయి ఉంటుందన్నది మనందరి లెక్క. మాత్రలకు గడువు తేదీ ఉంటుంది, పెట్రోలు నిలవుంటే చెడుతుంది, బ్యాటరీలో పస తగ్గుతుంది. తుపాకిమందు కూడా అంతేననుకుంటాం. రసాయన శాస్త్రం మాత్రం ఈ లెక్క ఒప్పుకోదు. పొడిగా ఉన్నంతకాలం తుపాకిమందుకు వయసన్నదే లేదు. చెడేది దాని గురించి మనుషులకు ఉన్న ఎరుక. దట్టించినవాడు పోతాడు, పెట్టె మీద రాత చెరిగిపోతుంది, కోట చేతులు మారుతుంది. మందు మాత్రం అక్కడే ఉంటుంది. పాత మందు వల్ల జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

కలిసి ఉన్నా కలబడని మూడు పొడులు

తుపాకిమందులో ఉండేవి సురేకారం, గంధకం, బొగ్గు. మొత్తంలో ముప్పాతిక వంతు దాకా సురేకారమే. మన పల్లెల్లో దీన్నే పెట్లుప్పు అంటారు, రసాయన నామం పొటాషియం నైట్రేట్. బొగ్గు, గంధకం ఇంధనాలు. అవి మండాలంటే ఆక్సిజన్ కావాలి. దాన్ని గాలి నుంచి తీసుకోకుండా తనలోంచి అందించేది సురేకారం. అందుకే గాలి చొరని ఫిరంగి గొట్టంలోనూ, మూతవేసిన గుండులోనూ ఈ మందు మండగలదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మూడూ కలిసి కొత్త పదార్థంగా మారలేదు. ఎంత మెత్తగా నూరి కలిపినా, సూక్ష్మదర్శిని కింద చూస్తే సురేకారం సురేకారంగానే, బొగ్గు బొగ్గుగానే ఉంటాయి. ఇది సమ్మేళనం కాదు, మిశ్రమం. మూడింటిలో దేనికదే మామూలు వేడిలో ఎంతో స్థిరమైనది. గంధకం భూమి పొరల్లో లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. బొగ్గు ఎంత స్థిరమైనదంటే, పురావస్తు శాస్త్రవేత్తలు వేల ఏళ్ల నాటి పొయ్యిల్లో దొరికిన బొగ్గుముక్కలతో కాలనిర్ణయం చేస్తారు. సురేకారం 334 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, విడిపోవాలంటే అంతకు మించిన వేడి కావాలి.

మరి ఇంధనమూ ఆక్సిజన్ ఇచ్చే పదార్థమూ పక్కపక్కనే ఉన్నా ఎందుకు రాజుకోవు? ఏ రసాయన చర్య అయినా మొదలవ్వాలంటే మొదట కొంత శక్తి అందాలి. ఆ గడప దాటించేది నిప్పురవ్వో, ఒరిపిడో, వేడో. తుపాకిమందు విషయంలో ఆ గడప సుమారు 300 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఈ పనిలో గంధకం పాత్ర పెద్దది. 115 డిగ్రీల దగ్గరే కరిగి, మిగతా రెండింటి మధ్యకు పాకి, మంట త్వరగా అందుకునేలా చేస్తుంది. గది వేడిలోనైతే చర్య జరిగే వేగం దాదాపు సున్నా. ఒక ఏడాది జరగనిది రెండు వందల ఏళ్లయినా జరగదు. గడప ఎత్తు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కాబట్టి 1780లో ఏ నిప్పురవ్వకు పేలేదో, 2013లోనూ దానికే పేలుతుంది.

తనను తాను తినే మందు వేరు

తుపాకిమందు పాతబడితే ప్రమాదకరమవుతుందనే మరో భయం కూడా జనంలో ఉంది. అది పూర్తిగా నిరాధారం కాదు గానీ, ఆ లక్షణం వేరే మందుది. 1884లో పాల్ వీయెల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పొగరాని మందును తయారుచేశాడు. ఇప్పటి రైఫిళ్లలో వాడేది ఆ వంశానిదే. దాని ఆధారం నైట్రోసెల్యులోజ్. దూదినీ నత్రికామ్లాన్నీ చర్య జరిపి చేసిన సమ్మేళనం అది. ఇక్కడ ఇంధనమూ ఆక్సిజనూ ఒకే అణువులో బంధించి ఉంటాయి. ఆ బంధం బలహీనమైనది.

అందుకే ఈ మందు పెట్టెలో ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా విడిపోతూనే ఉంటుంది. అలా వెలువడిన నత్రజని ఆక్సైడులు ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ఆమ్లం విచ్ఛిన్నాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. చర్యతో వేడి, వేడితో మరింత చర్య. దీన్ని అదుపు చేయడానికి డైఫినైలమీన్ వంటి స్థిరీకారకాలు కలుపుతారు. అవి వెలువడే ఆక్సైడులను పట్టేసుకుంటాయి. స్థిరీకారకం అయిపోయాక మాత్రం మందుకు కాపలా ఉండదు.

దీని మూల్యం ఫ్రాన్స్ చెల్లించింది. 1907 మార్చి 12న తూలోన్ రేవులో మరమ్మతుకు నిలిపిన 'ఇయెనా' యుద్ధనౌక మందుగుండు గది పేలి వందమందికి పైగా మరణించారు. 1911 సెప్టెంబరు 25న అదే రేవులో 'లిబెర్తే' ముక్కలైంది. ఈసారి మృతులు దాదాపు 300. రెండింటికీ పాతబడి విడిపోతున్న పొగరాని మందే కారణమని నిందపడింది. ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రటి గోధుమరంగు పొగ, డబ్బా లోపల తుప్పులాంటి పొడి, ఇవి అలాంటి మందు చివరి దశకు గుర్తులు.

సాదా తుపాకిమందులో ఈ లోపలి కుళ్లు లేదు. అది డబ్బాలోని కల్లుప్పు లాంటిది. చెమ్మ తగిలితే నీరుకారుతుంది, ఆరితే గడ్డకడుతుంది, ఎన్నేళ్లయినా ఉప్పుగానే ఉంటుంది.

చెమ్మ చేసే పని

తుపాకిమందుకు శత్రువు కాలం కాదు, నీరు. మంచి మందులో తేమ ఒక శాతం లోపే ఉండాలి. అంతకు మించితే మంట మందగిస్తుంది, ఇంకా పెరిగితే అంటుకోదు. మందులోని మూడింటిలో గంధకం నీటిలో కరగదు. బొగ్గు కరగదు కానీ దాని సూక్ష్మరంధ్రాల్లోకి తేమను పీల్చుకుంటుంది. సురేకారం మాత్రం బాగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో సుమారు 32 గ్రాములు కరుగుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ ఇంకా ఎక్కువ.

అయితే గాలిలోని తేమనే పీల్చి కరిగిపోయేంత ఆశ సురేకారానికి లేదు. సాపేక్ష ఆర్ద్రత 90 శాతం దాటి మరికాస్త పెరిగితే గాని అది చెమర్చదు. ఈ ఒక్క గుణమే ప్రపంచ చరిత్రలో దానికి స్థానమిచ్చింది. దీనికి దగ్గరి చుట్టమైన సోడియం నైట్రేటు చిలీ, పెరూ ఎడారుల్లో గుట్టలుగా దొరికేది, చవక కూడా. కానీ గాలిలో తేమ 74 శాతం ప్రాంతానికి రాగానే అది నీరుగారిపోతుంది. వానాకాలంలో విశాఖ, కాకినాడ తీరాల్లో గాలి తేమ ఆ హద్దు దాటడం మామూలే. అలాంటి చోట ఆ మందు డబ్బా మూత తీసి పెడితే బురదవుతుంది. 1857లో లామోట్ డ్యుపాంట్ సోడియం నైట్రేటుతో మందు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ మందు గనుల్లో, బండలు పగలగొట్టే పనుల్లో కుదిరింది. ఎందుకంటే అక్కడ చేసిన మందు చేసినట్టు ఖర్చయిపోతుంది. నెలల తరబడి నౌకల్లో, కోటల్లో నిలవుండాల్సిన సైనిక మందుకు పొటాషియం నైట్రేటే కావాల్సి వచ్చింది.

ఆ పొటాషియం నైట్రేటుకు 18వ శతాబ్దంలో ఐరోపా ముఖ్యంగా ఆధారపడింది బీహారు మీద. పాట్నా చుట్టుపక్కల నునియా కులంవారు నేల మీద తేలిన ఉప్పుమట్టిని సేకరించి, నీటిలో కరిగించి, కాచి తీసిన సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడలకెత్తేది. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, మన ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న పులికాట్‌లో డచ్చివారు తుపాకిమందు కర్మాగారం నడిపారు. అక్కడి సరుకు బటావియా వంటి తమ స్థావరాలకు ఓడల మీద వెళ్లేది. ఉప్పుగాలిలో తయారై, ఉప్పుగాలిలోనే ప్రయాణించి, చేరాక కూడా పనికొచ్చిందంటే పీపాలు బాగా బిగించారన్న మాట.

తడిసి ఆరిన మందు

తడిస్తే మందు చచ్చిపోతుందన్నది ఇంకో అపోహ. ఇందులో సగం నిజముంది. అందుకే ఎక్కువ నమ్ముతారు, ఎక్కువ మోసపోతారు.

తుపాకిమందు తడిసినప్పుడు సురేకారం కరిగి నీటితో పాటు కదులుతుంది. ఆ నీరు బయటికి కారిపోతే సురేకారమూ పోతుంది. మిగిలేది గంధకం, బొగ్గు మాత్రమే. అవి గాలిలో కాలుతాయి గానీ పేలవు. నీరు కారిపోయే దారి లేకపోతే కథ మారుతుంది. చెమ్మ ఆరేకొద్దీ సురేకారం మళ్లీ స్ఫటికాలుగా పేరుకుంటుంది. గింజల పైన తెల్లటి పెచ్చులా కనిపించేది అదే. ఆరిన ముద్దలో ఒకచోట సురేకారం ఎక్కువ, మరోచోట తక్కువ. మొదట్లో ఉన్న సమానమైన కలయిక చెదిరిపోయింది. ఇప్పుడది మునుపటంత చురుగ్గా మండదు. అయినా మండుతుంది.

దీనికి తోడు గింజల సంగతి ఒకటి. తుపాకిమందును మెత్తటి పొడిగా కాక, నొక్కి గట్టిపరచి, గింజలుగా విరగ్గొట్టి, గ్రాఫైటుతో మెరుగుపెట్టి అమ్ముతారు. మంట గింజ ఉపరితలం మీద మొదలవుతుంది. చిన్న గింజలకు మొత్తం ఉపరితలం ఎక్కువ కాబట్టి త్వరగా కాలిపోతాయి, పెద్దవి నిదానంగా కాలుతాయి. అందుకే పిస్తోలుకు సన్నరకం, ఫిరంగికి ముతకరకం. ఏళ్ల తరబడి కదిలించిన, రాపాడిన డబ్బాలో గింజలు నలిగి పొడి పోగవుతుంది. ఫిరంగికి చేసిన ముతక మందులో సన్నపొడి కలిస్తే ఒత్తిడి అనుకున్నదాని కన్నా వేగంగా పెరుగుతుంది.

కాబట్టి పాత డబ్బాలోని మందు ఒక చెంచాకు నత్తనడక, ఇంకో చెంచాకు దూకుడు చూపవచ్చు. బలహీనపడిందనుకోవడం తప్పు. నమ్మకం పోయిందనడం సరైన మాట.

మందుకొట్ల క్రమశిక్షణ

ఈ సంగతులేవీ రసాయన సమీకరణాల్లో రాయకముందే మందుకొట్ల కాపలాదారులకు తెలుసు. నౌకల్లో మందు పీపాలను అప్పుడప్పుడు తిరగేసేవారు, మందు ఒకవైపే గడ్డకట్టకుండా. ఇనప మేకులు, ఇనప పట్టీలు నిషిద్ధం. రాగి, కర్ర మాత్రమే వాడాలి, రెంటికీ రవ్వ రాలదు. లోపలికి వెళ్లేవాళ్లు బూట్లు విప్పి మెత్తటి చెప్పులు తొడుక్కునేవారు. దీపం మందు గదిలో పెట్టకూడదు. పక్క గదిలో పెట్టి, మధ్యనున్న అద్దం గుండా వెలుతురు పడేలా చేసేవారు.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా తనిఖీయే ముప్పు తెచ్చిన రోజు ఉంది. 1654 అక్టోబరు 12న నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో, పాత కన్యాశ్రమం స్థలంలో ఉన్న మందుకొట్టును దాని అధికారి కొర్నెలిస్ సూటెన్స్ తెరిచాడు. మందు నమూనా ఎలా ఉందో చూడడానికి వెళ్లాడంటారు. లోపల పదుల టన్నుల మందు ఉంది. పట్టణంలో పెద్ద భాగం నేలమట్టమైంది, వందమందికి పైగా చనిపోయారు. రెంబ్రాంట్ దగ్గర చిత్రకళ నేర్చిన కారెల్ ఫాబ్రీషియస్ తన పని గదిలోనే గాయపడి, 32 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన చిత్రాలు చాలావరకు ఆ పేలుడులోనే పోయాయంటారు.

డెల్ఫ్ట్ ఘటనలో మందు పాడైందా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఆ సంగతి తేల్చుకునే పని కూడా మందు దగ్గర చేసే పనే. పాత మందు బాగుందో లేదో కాస్త కాల్చి చూద్దామనే ఉత్సాహం కలిగినవారికి ఈ పట్టణం గుర్తుండాలి.

మూసుకుపోయిన గుండ్లు

అన్నిటికన్నా ముప్పు తెచ్చేవి బయటికి తుప్పు ముద్దల్లా కనబడే గుండ్లు. ఫిరంగి గుండ్లు రెండు రకాలు. ఒకటి గట్టి ఇనప ముద్ద, దానిలో ఏమీ ఉండదు. రెండోది డొల్ల. లోపల మందు నింపి, చిన్న రంధ్రంలో వత్తి గొట్టం బిగిస్తారు. శతాబ్దాల తుప్పు పట్టాక ఏది ఏదో చూపుతో పోల్చడం కష్టం.

అమెరికా అంతర్యుద్ధం 1861 నుంచి 1865 వరకు సాగింది. నాటి గుండ్లు నేటికీ నేలలోంచి, ఇసుకలోంచి తేలుతూనే ఉన్నాయి. 2016 అక్టోబరులో మాథ్యూ తుపాను దక్షిణ కరోలినా తీరాన్ని తాకాక, ఫాలీ బీచ్‌లో ఇసుక కొట్టుకుపోయి ఫిరంగి గుండ్ల కుప్ప బయటపడింది. పేలుడు పదార్థాల నిపుణులు వచ్చి వాటిని తొలగించారు. 150 ఏళ్లు ఉప్పునీటి పక్కన ఉన్నాయి కదా అని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

అలా తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణముంది. 2008 ఫిబ్రవరిలో వర్జీనియాలో అంతర్యుద్ధ వస్తువుల్లో ఎంతో అనుభవమున్న సేకర్త ఒకాయన తన ఇంటి ముందు ఒక నౌకాదళ గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. అది తొమ్మిది అంగుళాల వ్యాసం గల గుండు. ఒక ఇనప ముక్క దాదాపు నాలుగు వందల మీటర్ల దూరంలోని ఇంటి వసారాను చీల్చుకుపోయింది. సముద్ర యుద్ధం కోసం చేసిన గుండ్లకు నీరు చొరకుండా బిగువైన మూతలుండేవి. నీటిని ఆపడానికి పెట్టిన ఆ మూతలే లోపలి మందును తరతరాలు పొడిగా కాపాడాయి. ఇనుము మీద డ్రిల్లు, రాపిడి యంత్రం రేపే రవ్వలకు ఇంకేం కావాలి?

మనకు దగ్గరి ఉదాహరణ కర్ణాటకలో ఉంది. శివమొగ్గ జిల్లా నగర, అంటే పాత బిదనూరు కోటను 1763లో హైదరాలీ పట్టుకున్నాడు. అక్కడి ఒక పాడుబడ్డ బావిలో 2002 ప్రాంతంలో కొన్ని రాకెట్లు దొరికాయి. 2018లో పురావస్తు శాఖ అదే చోట తవ్వితే వెయ్యికి పైగా బయటపడ్డాయి. టిప్పు సుల్తాను కాలపు ఇనప గొట్టాలు, 23 నుంచి 26 సెంటీమీటర్ల పొడవు. బావిలోని మట్టికి మందు వాసన వేస్తుండడమే తవ్వకానికి దారి చూపిందని అధికారులు చెప్పారు. వాన పడినప్పుడు తడిసి, ఎండల్లో ఆరే బావి అది. ఏ గొట్టంలోని సురేకారం కారిపోయిందో, ఏ గొట్టంలో తిరిగి పేరుకుందో పైనుంచి చూసి చెప్పలేం.

ఈ సంగతి మనకూ వర్తిస్తుంది. గుర్రంకొండ, గండికోట, గుత్తి వంటి రాయలసీమ కోటలు 18వ శతాబ్దం చివర్లో కొంతకాలం మైసూరు ఏలుబడిలో ఉన్నవే. 1791లో వాటిలో కొన్నిటిని కంపెనీ సేనలు ముట్టడించాయి. అలాంటి చోట్ల పునాది తవ్వేటప్పుడో, బావి పూడిక తీసేటప్పుడో గుండ్రటి ఇనప ముద్ద దొరికితే దాన్ని గుమ్మం దగ్గర అలంకారంగా పెట్టుకోవడం, పాత ఇనుముకు వేయడం, సుత్తితో కొట్టి చూడడం మూడూ తప్పే.

అటక మీది టపాసులు

మనలో చాలామందికి కోటలతో పనిపడదు గానీ దీపావళితో పడుతుంది. పోయినేడు మిగిలిన టపాసుల సంచి అటకెక్కుతుంది. పండగ ముందు దించి, మేడ మీద ఎండబెడతాం. ఇక్కడ తుపాకిమందు నియమాలు పూర్తిగా చెల్లవు. వత్తుల్లో, తారాజువ్వలను ఎగరేసే అడుగు మందులో తుపాకిమందు బాపతు మిశ్రమాలుంటాయి. వెలుగుకు, మోతకు, రంగుకు మాత్రం అల్యూమినియం పొడి, రకరకాల లవణాలు కలుస్తాయి. నైట్రేటుతో కలిసిన సన్నటి అల్యూమినియం పొడి తడిస్తే నెమ్మదిగా చర్య జరిపి తనంతట తాను వేడెక్కవచ్చు. తడిసిన టపాసుల పెట్టెను మూతపెట్టి ఇంట్లో ఉంచకూడదనడానికి ఇదే కారణం.

ఎండబెట్టిన టపాసుతో ఇంకో చిక్కు వత్తి. తడిసి ఆరిన వత్తిలో సురేకారం ఒకచోట పేరుకుని, ఒకచోట పలచబడుతుంది. మంట మధ్యలో ఆగినట్టే కనబడి, లోపల కనకనలాడుతూ, మనం వంగి చూసే వేళకు మందును అందుకుంటుంది. పేలని టపాసు మీద ముఖం పెట్టవద్దని పెద్దలు చెప్పే మాట వెనక ఉన్న శాస్త్రం ఇదే. దూరం నుంచి నీళ్లు గుమ్మరించి, బకెట్లో నానబెట్టి వదిలేయాలి. కాగితపు టపాసులోకి నీరు చొరబడుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. ఇనప గుండుకు ఈ వైద్యం పనికిరాదు. పొయ్యి దగ్గర, ఓవెన్‌లో ఆరబెట్టడం అసలు తలపెట్టకూడదు.

నైట్రేటు స్థానంలో క్లోరేటు ఉంటే పరిస్థితి ఇంకా వేరు. గంధకంలో సహజంగా పుట్టే ఆమ్లపు జాడలు క్లోరేటును కదిలిస్తాయి. చిన్న ఒరిపిడి, ఒక్కోసారి అది కూడా లేకుండానే మంట పుడుతుంది. అందుకే క్లోరేటూ గంధకమూ కలిసిన పేలుడు పదార్థాల తయారీని, కలిగి ఉండడాన్ని భారత ప్రభుత్వం 1992 జనవరిలో నిషేధించింది. అడవి పందుల కోసం పొలాల గట్ల మీద దొంగచాటుగా పెట్టే నాటు బాంబులు ఒత్తిడికీ ఒరిపిడికీ పేలేలా చేసినవే. పశువుల నోళ్లు, పిల్లల చేతులు పోయేది వాటివల్లే. సాదా తుపాకిమందు గురించి చదివిన ధైర్యంతో వాటి దగ్గరికి పోకూడదు.

వాడేవారికి, దొరికినవారికి

అమెరికాలో, ఐరోపాలో ఇప్పటికీ గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకులతో గురి చూసే క్రీడాకారులున్నారు. పాత ఇళ్ల అటకల మీద తాతల నాటి మందు డబ్బాలు దొరకడం అక్కడ వింతకాదు. వాళ్లు పాటించే నియమాలు పైన చెప్పుకున్న రసాయనంలోంచే పుట్టాయి. మూత ఎన్నడూ తీయని అసలు డబ్బాలో, పొడిగా, గింజ విడివిడిగా ఉన్న మందు ఎంత పాతదైనా కొత్తదానితో సమానంగా పనిచేయవచ్చు. తెల్లటి పెచ్చు, గడ్డలు, తుప్పు పొడి కనిపిస్తే అది తుపాకిలోకి పోకూడదు. డబ్బా మీది పేరుకూ లోపలి సరుకుకూ పొంతన ఉందన్న హామీ లేకపోతే, ఎంత మేలిరకంగా కనిపించినా పోకూడదు. ఎవరో పొగరాని మందును ఖాళీ డబ్బాలో పోసి ఉంచితే, పాతకాలపు మెత్తటి గొట్టం ఆ ఒత్తిడికి తట్టుకోలేక చీలిపోతుంది.

కాల్చాక కూడా పని మిగిలే ఉంటుంది. తుపాకిమందు మండితే బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. తెల్లటి పొగ, గొట్టంలోని మసి అవే. ఆ మసి తేమను లాగి ఇనుమును తింటుంది. అందులో నిప్పు కణం మిగిలి ఉంటే తర్వాతి మోతాదు దట్టించే చేతిని కాలుస్తుంది.

మన దేశంలో సంగతి సూటిగా ఉంటుంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నియమాలు తుపాకిమందును మొదటి తరగతి పేలుడు పదార్థంగా లెక్కిస్తాయి. నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ ఈ నియమాల అమలు చూస్తుంది. అనుమతి లేకుండా చేయడం, నిలవచేయడం, అమ్మడం నేరం. కాబట్టి ఇంట్లోనో పొలంలోనో పాత మందు, గుండు, దట్టించి ఉండొచ్చనిపించే తుపాకి దొరికితే మీ వంతు పనులు కొన్నే. తాకవద్దు, కదపవద్దు. అక్కడున్న వాళ్లను దూరంగా పంపండి, దగ్గర్లో బీడీ, సిగరెట్టు, పొయ్యి లేకుండా చూడండి. 112కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. బాంబు నిర్వీర్య దళం వచ్చేవరకు వేచి ఉండండి. కాల్చేద్దాం, కాలువలో పారబోద్దాం, పాతిపెడదాం అన్న ఉపాయాలు మానండి. పాతిపెడితే మన చేతిలోని ప్రమాదం మనవలకు అందుతుంది.

సంస్థానాల నాటి తుపాకులు, ఫిరంగులు ఇళ్లలో, గుళ్లలో, కోటల్లో, కళాశాలల ఆవరణల్లో నిలబెట్టిన చోట్లు తెలుగునాట తక్కువేమీ కావు. మందు మిగిలిన గొట్టానికీ ఖాళీ గొట్టానికీ తేడా ఒక పద్ధతిలో తేలుతుంది. కొయ్య కడ్డీని గొట్టంలోకి దింపి, లోపల పోయిన పొడవును బయటి పొడవుతో పోలుస్తారు. కడ్డీ మధ్యలోనే ఆగితే లోపల ఏదో ఉన్నట్టు. ఈ పరీక్ష శిక్షణ పొందినవాళ్లు చేయాల్సింది, ఫలితం రాతలో మిగలాల్సింది. చాలాచోట్ల ఫిరంగి పక్కన దాని చరిత్ర చెప్పే పలక ఉంటుంది. అదే పలక మీద ఇంకో వరుస చేర్చవచ్చు: ఏ తేదీన, ఎవరు పరీక్షించి, లోపల ఖాళీ అని తేల్చారో. ఆ వరుస రాయలేని చోట, పిల్లలు ఎక్కి ఫొటోలు దిగకుండా ఫిరంగి చుట్టూ కంచె వేయించాలి, వెంటనే పరీక్షకు కబురు పెట్టాలి.